అత్తమ్మ తిప్పిన క్రాంకు

ఆ ఎండాకాలం బైకు మీది నుంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాను. ఇల్లందు దాటాక బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద సన్నటి కంకర పరుచుకుని ఉంటుంది. మలుపులో ముందు చక్రం జారింది. దవాఖానాలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. వానాకాలం నడిమి దాకా బరువులు ఎత్తొద్దు, బండి నడపొద్దు, డ్యూటీ మాట తలపెట్టొద్దు అన్నాడు డాక్టరు. నేను గని వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. పెద్ద డంపర్ల ఇంజన్లు విప్పి బిగించడం నా పని. అలాంటి వాడిని చేతిని మెడకు పట్టీతో వేలాడగట్టి మంచం మీద కూర్చోబెడితే ఎంతసేపు కూర్చుంటాను? గేటు దాకా వెళ్లేవాణ్ణి, వచ్చేవాణ్ణి. ఫ్యాను వేసేవాణ్ణి, ఆపేవాణ్ణి. టీవీలో ఏం వస్తుందో తెలియకుండానే చానళ్లు మార్చేవాణ్ణి.

నా భార్య అడవి లోపల ఒక ఊళ్లో సర్కారు ఆరోగ్య కేంద్రంలో నర్సు. పొద్దున బస్సుకు వెళితే సాయంత్రం బస్సుకు వస్తుంది. పగలంతా నన్ను ఒంటరిగా వదిలితే ఏదో ఒకటి చేసి ప్లేటు ఊడగొట్టుకుంటానని ఆమె భయం. అందుకని వేంసూరులో కొడుకు దగ్గర ఉంటున్న వాళ్ల అమ్మను పిలిపించింది.

మా అత్తమ్మ భద్రాచలం వైపు ఒక ఆడపిల్లల హాస్టల్‌లో ఏళ్ల తరబడి వంటమనిషిగా చేసింది. కిందటేడు ఇంక చాలు, విశ్రాంతి తీసుకోమని పంపేశారు. మనిషి సన్నగా, నిటారుగా ఉంటుంది. అల్లుడి ముందు కూర్చోదు. నాతో ఏదైనా చెప్పాల్సి వస్తే తలుపు పక్కన నిలబడి గోడకు చెప్పినట్టు చెబుతుంది. అన్నం పెట్టేటప్పుడు కూడా గిన్నె వైపు చూస్తూ "ఇంకొంచెం" అంటుంది, అంతే. పెళ్లయి ఇన్నేళ్లయినా మేమిద్దరం ఎదురెదురుగా నాలుగు మాటలు మాట్లాడుకుంది లేదు.

ఆమె వచ్చిన మరునాడే నాకొక సంగతి అర్థమైంది. ఆమె కూడా ఒకచోట నిలవదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. ఉతికిన దుప్పట్లు తీసి మళ్లీ నానబెట్టేది. పదకొండింటికల్లా మధ్యాహ్నం వంట, రాత్రి వంట రెండూ అయిపోయేవి. ఆ తర్వాత పెరట్లోకి పోయి బొప్పాయి చెట్టు చుట్టూ పాదు తవ్వేది. మొన్న తవ్విన పాదే. ముందు గదిలో నేను, పెరట్లో ఆమె, ఇద్దరం తెచ్చిపెట్టుకున్న పనులతో పగళ్లు నెట్టుకొచ్చేవాళ్లం.

మా వాకిట్లో ఒక పాత పెట్రోల్ జీపు ఉండేది. నేను పడకముందే దాని ఇంజను దింపి ఉంచాను. బండి మంచిదే కానీ దానికి లాగే శక్తి తక్కువ. మా ఆవిడ పనిచేసే ఊరికి పోయే దారిలో వాగు దాటగానే ఎర్రమట్టి ఎత్తు ఒకటి ఉంది. వానలో నలుగురు ఎక్కితే ఫస్ట్ గేరులో కూడా ఆయాసపడేది. అదే జాతి ఇంజనున్న పెద్ద కారు ఒకటి ఖమ్మం తుక్కు దుకాణంలో దొరికితే, దాని క్రాంకూ కనెక్టింగ్ రాడ్లూ పిస్టన్లూ తెచ్చుకున్నాను. క్రాంకు అంటే పిస్టన్లను పైకీ కిందికీ ఆడించే ఇరుసు. దాని వంకర ఎక్కువైతే పిస్టన్ నడిచే దూరం పెరుగుతుంది, ఇంజనుకు బలం పెరుగుతుంది. సిలిండర్లుండే పాత ఇంజను బ్లాకులో ఈ పెద్ద క్రాంకు పెట్టాలని నా కోరిక. లేతు షాపులో పెద్ద పిస్టన్లు పట్టేలా బోరు చేయించడం కూడా అయిపోయింది. మిగిలింది ఇంటి దగ్గర చేసుకోవలసిన పని.

ఆ పని చూడటానికి చిన్నదే. బ్లాకును తయారుచేసినవాళ్లు ఇంత వంకరున్న క్రాంకు దానిలో తిరుగుతుందని అనుకోలేదు. రాడ్డు పక్కకు ఊగినప్పుడు దాని బోల్టు తల బ్లాకు అంచుకు తగలొచ్చు. పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వు తగలొచ్చు. ఇంజను నడిచేటప్పుడు ఎక్కడైనా లోహమూ లోహమూ తాకితే అంతా ముక్కలే. అందుకని పిస్టన్లకు రింగులు వేయకుండా, ఊరికే కూర్చోబెట్టి, చేత్తో మెల్లగా తిప్పుతూ ఎక్కడ ఎంత సందు ఉందో చూసుకోవాలి. ఒకరు తిప్పాలి, ఒకరు టార్చి పట్టుకుని లోపలికి చూడాలి.

నాకున్నది ఒక్క చెయ్యి. వరండాలో బ్లాకు స్టాండుకు తలకిందులుగా బిగించి ఉంది. టార్చిని నోట్లో పెట్టుకుని ఎడమ చేత్తో పొడుగు పానా పట్టుకుని తిప్పబోయాను. పానా జారి మోకాలికి తగిలింది. ఇంకోసారి ప్రయత్నించాను. అప్పుడు తలుపు వెనుక నుంచి గోడకు చెప్పిన మాట వినిపించింది.

"నా చేతులు ఖాళీగనే ఉన్నయి."

అత్తగారి చేత పానా తిప్పిస్తే వీధిలో వాళ్లు ఏమనుకుంటారోనని గేటు వైపు చూశాను. ఎవరూ లేరు.

"మెల్లగ తిప్పాలె అత్తమ్మా. గడియారం ముల్లు తిరిగిన దిక్కు," అన్నాను.

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకుంది. పానా రెండు చేతులా పట్టుకుంది.

అలా మొదలైంది. ఆమె తిప్పేది, నేను వంగి చూసేవాణ్ణి. ఒకటిన్నర మిల్లీమీటరు మందమున్న తీగ ముక్క నా కొలత. రాడ్డు బోల్టుకూ బ్లాకు అంచుకూ మధ్య ఆ తీగ దూరితే సందు సరిపోయినట్టు. మొదటి సిలిండరులో దూరలేదు. రెండో దానిలో సగం దూరి ఆగింది. మార్కరుతో గీతలు పెట్టాను. మిగతా రెండింటికి రాడ్లు ఎక్కించే ముందు ఈ రెంటి పని చూద్దామనుకున్నాను. అంటే రాడ్లు విప్పి, క్రాంకు ఎత్తి, అంచును ఆకురాయితో కొంచెం తోమి, అంతా కడిగి, మళ్లీ కూర్చోబెట్టి, మళ్లీ తిప్పి చూడాలి. గ్రైండరు పట్టుకుంటే క్షణంలో పని. కానీ నా భుజానికి గ్రైండరు పట్టే శక్తి లేదు. ఎక్కువ తోమేస్తే ఇంజనును చల్లబరచే నీళ్లు తిరిగే గదికి చిల్లు పడుతుంది, బ్లాకు తుక్కుకే.

క్రాంకు ఒక కొస ఆమె పట్టుకుంది, ఇంకో కొస నేను ఎడమ చేత్తో పట్టుకున్నాను. బొగ్గు బస్తా కంటే తేలికే గానీ జారుతుంది. పాత చీర మడతపెట్టి దానిమీద దించాం. ఆకురాయి ఆమే తీసుకుంది. ఈ బ్లాకు అల్యూమినియంది, మెత్తనిది, తోమే కొద్దీ ఆకురాయి పళ్లలో ఇరుక్కుంటుంది. దానికి సుద్దముక్క రుద్దితే ఇరుక్కోదని చెప్పాను. ఆమె సుద్ద రుద్దేది, పదిసార్లు తోమేది, వేలితో తడిమేది, "చాల్నా?" అనేది. "ఇంకొంచెం" అనేవాణ్ణి. అన్నం దగ్గర ఆమె నాతో అనే మాటే నేను ఆమెతో అనడం నాకే నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చిందేమో, మొహం పక్కకు తిప్పుకుంది.

తోమినంత సేపూ బాగానే ఉండేది. కడిగి ఆరబెట్టి ఎదురుచూడటమే ఇద్దరికీ చేతకాలేదు. నేను వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాణ్ణి. ఆమె పెరట్లోకి పోయి ఒక బకెట్ నీళ్లు తోడి, ఎందుకు తోడిందో మరిచి, మళ్లీ తొట్లోనే పోసేది. ఆరిందో లేదో చూడటానికి ఇద్దరం ఒకేసారి వచ్చి బ్లాకు దగ్గర నిలబడేవాళ్లం.

వానలు మొదలయ్యాయి. ఒక రోజు మధ్యాహ్నం నుంచే అడవి మీద నల్లగా కమ్మింది. సాయంత్రం బస్సు రాలేదు. మా ఆవిడ ఫోను చేసి, వాగు పొంగుతోందనీ, అక్కడే ఉండిపోతాననీ సగం చెప్పేసరికి లైను పోయింది. మళ్లీ కలవలేదు. ఆ ఊళ్లో సిగ్నలు ఎప్పుడూ అంతే. ఆరోగ్య కేంద్రం పక్కా భవనం, అక్కడి ఆయా తోడుంటుంది, భయమేం లేదు. ఆ మాట నాకూ తెలుసు, అత్తమ్మకూ తెలుసు. అయినా కూర్చోలేకపోయాం. వాకిట్లో జీపు ఇంజను లేకుండా వానలో తడుస్తోంది. ఎవరి కోసం ఈ పని పెట్టుకున్నానో ఆమె అవతలి ఒడ్డున ఉండగా ఇంజను ముక్కలు ముక్కలుగా వరండాలో ఉంది. ఆ ముక్కల వైపు చూస్తే నాకు ఒళ్లు మండింది.

"మిగిలినయి చూద్దామా బాబు," అంది అత్తమ్మ. గోడకు కాదు, నాకే చెప్పింది.

మూడు, నాలుగు సిలిండర్లకు రాడ్లు ఎక్కించాం. రేకుల మీద వాన మోతకు ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. ఆమె తిప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు కంటే జల్దీగా తిప్పింది. నేనూ మెల్లగా అనలేదు. సగం చుట్టు తిరిగింది, ముప్పావు తిరిగింది, ఒకచోట ఆగింది. మూడో రాడ్డు అంచుకు తగిలిందని తెలుసుకుని టార్చి అటు తిప్పాను. ఆమె పానా వదలలేదు. కాలు ముందుకు పెట్టి, ఒంటి బరువంతా వేసి, నూకింది. క్రాంకు కిర్రుమంది.

"ఆపండ్రి," అని అరిచాను. వాన మోతను మించి అరిచాను.

ఆమె చేతులు తీసేసింది. పానా అలాగే వేలాడింది. కొంగుతో చేతులు తుడుచుకుని, నా మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. అప్పటిదాకా నేను ఆ మనిషి ముందు గొంతు పెంచింది లేదు. టార్చి పెట్టి చూశాను. బోల్టు తల మీద మెరిసే గాటు, బ్లాకు అంచు మీద గోరంత నొక్కు. పెద్ద నష్టమేమీ కాదు, బోల్టు మార్చుకోవాలి, అంతే. ఆ పూట ఆమె నాకు అన్నం పెట్టి, గిన్నె వైపు చూస్తూ "ఇంకొంచెం" కూడా అనలేదు.

మరునాడు పొద్దెక్కాక మా ఆవిడ ఒక రైతు ట్రాక్టరు ఎక్కి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. మొహం పీక్కుపోయింది, కానీ హుషారుగానే ఉంది.

"వాగు రాకున్నా నేను వచ్చేదాన్ని కాదు. కాన్పు కేసు వచ్చింది. ఆడపిల్ల. తల్లి, బిడ్డ ఇద్దరు మంచిగున్నరు," అంది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా విన్నాం. ఆమె స్నానం చేసి వచ్చి, టీ తాగుతూ, నన్ను వరండాలోకి పిలిచింది.

"ఏమైంది మీ ఇద్దరికి?"

చెప్పాను. ఆమె నవ్వలేదు.

"మా అమ్మను ఇప్పటిదాక ఎవ్వలు గట్ల గట్టిగ ఆపలేదయ్యా. మా నాయిన గూడ," అంది. "పోయి మాట్లాడు. నేను పంటున్న, నన్ను నడుమకు తేకుండ్రి."

ఆమె నిద్రపోయింది. నేను పెరట్లోకి వెళ్లాను. అత్తమ్మ బొప్పాయి చెట్టు దగ్గర తడి మట్టిలో ఊరికే నిలబడి ఉంది. నేనేదో అనేలోపు తనే అంది.

"ఆగిందని నా చేతికి తెలిసింది బాబు. తెలిసినంక గూడ నూకిన."

"వాన మోతల మీకు తెల్వలేదనుకున్న."

"తెలిసింది. ఆగితే నాకు గాబరా." కాలితో తడి మట్టిని పాదులోకి నెట్టింది. "హాస్టల్ల తెల్లారక ముందు పొయ్యి ముట్టిస్తే, పిల్లలు పన్నదాక నిలవడేది లేకుండె. ఇప్పుడు యాడికి పోయినా కూసో అంటరు. కొడుకు కూసో అంటడు, కోడలు కూసో అంటది. మంచిగనే అంటరు. కూసుంటే గుండె దడదడ కొట్టుకుంటది. రోగమేమో అని బిడ్డకు చెప్పలే."

"రోగం కాదు అత్తమ్మా," అన్నాను. "నాకు గూడ గంతే ఉంది."

ఆమె మొదటిసారి నా మొహం నేరుగా చూసింది. మెడకున్న పట్టీ వైపు చూసింది.

"అవ్," అంది. "చూస్తనే ఉన్న, పొద్దుగాల సంది గేటు ఎన్నిసార్లు తీస్తరో."

ఆ రోజు మూడో సిలిండరు అంచు తోమాం. ఇంకో ఒప్పందం చేసుకున్నాం. క్రాంకు ఎక్కడ ఆగితే అక్కడ ఆమె చేతులు తీసేయాలి, నేను తీగ ముక్క పెట్టి చూసేదాకా ఇద్దరం కదలకూడదు. చెప్పడం తేలికే. ఆగినప్పుడల్లా ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని వేళ్లు నలుపుకునేది. నా ఎడమకాలు దానంతటదే ఆడేది. కానీ నాలుగు సిలిండర్ల దగ్గరా తీగ సాఫీగా దూరిన రోజు వచ్చింది. ఆమె రెండు చుట్లు పూర్తిగా తిప్పింది. ఎక్కడా చప్పుడు లేదు, తాకిడి లేదు. నూనె రాసిన పిస్టన్లు పైకొచ్చి కిందికి పోతున్న మెత్తటి శబ్దం మాత్రం వినిపించింది. చాలని చెప్పినా ఆమె ఇంకో రెండు చుట్లు తిప్పింది. నేనూ వద్దనలేదు.

తర్వాత వాల్వుల సంగతి. పిస్టను మీద మెత్తటి ముద్ద ఏదైనా పెట్టి, వాల్వులుండే పై మూత, అంటే హెడ్డు, బిగించి తిప్పితే, వాల్వు ఆ ముద్దను నొక్కుతుంది. హెడ్డు విప్పి ముద్దను కోసి మందం కొలిస్తే అక్కడి సందు తెలుస్తుంది. పిల్లలు బొమ్మలు చేసే మైనం కోసం బజారుకు పోదామంటే వాన. "గోధుమపిండి కలపనా?" అంది అత్తమ్మ. పూరీకి కలిపినట్టు గట్టిగా కలిపి, అంటుకోకుండా నూనె రాసి పెట్టింది. తిప్పాం, విప్పాం, బ్లేడుతో కోసి కొలిచాం. కావలసిన దానికంటే ఎక్కువే ఉంది. ఇద్దరం సంతోషపడ్డాం. నేను అప్పుడే కొత్త రింగులు బయటికి తీశాను, రేపే బిగించేద్దామని.

ఆమె మాత్రం మిగిలిన పిండి ముద్దను వేలితో నొక్కుతూ, వదులుతూ ఉంది. ఏదో ఆలోచించి కాదు, చేతికి పని కావాలని. నొక్కిన గుంట మెల్లగా పైకి లేస్తోంది. అది చూసి రింగులు కింద పెట్టేశాను. పిండి సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. వాల్వు నొక్కినచోట అది నొక్కినట్టే ఉండలేదు. హెడ్డు విప్పేలోపు పొంగింది. మేం కొలిచింది ఉన్న సందు కాదు.

"అత్తమ్మా, మనం తప్పు కొలిచినం," అన్నాను.

ఆమె తన చేతిలో ముద్దను చూసుకుంది. "పూరీ పిండి గట్లనే ఉంటది మరి," అంది.

వాన తగ్గాక మా ఆవిడే బజారు నుంచి మైనం తెచ్చింది. మళ్లీ పెట్టాం, తిప్పాం. ఈసారి కోసి కొలిస్తే సందు సగమే ఉంది. ఇంజను వేగం అందుకున్నప్పుడు వాల్వులు పిస్టన్లను కొట్టేవి. నాలుగు పిస్టన్లు విప్పి, పాత గుడ్డలో చుట్టుకుని, బస్సులో ఖమ్మం పట్టుకెళ్లాను. వాల్వు దిగేచోట లేతు మీద చిన్న గుంటలు కొట్టాలి. "నాలుగు దినాలాగి రాండ్రి" అన్నాడు లేతు షాపతను. ఆ మాట విని నా మొహం ఎలా మారిందో గానీ, అతను స్టూలు జరిపి కూర్చోమన్నాడు. కూర్చోకుండానే వచ్చేశాను.

ఆ నాలుగు రోజులూ మేం ఎలా గడిపామో చెబితే నవ్వుతారు. ఆమె నాకు హాస్టల్ పిల్లల దగ్గర నేర్చుకున్న కోయ మాటలు నేర్పింది. నేను ఆమెకు ఇంజనులో ఏది ఏమిటో చెప్పాను. మాట్లాడుతూ వరండాలో ఇద్దరం అటూ ఇటూ నడిచేవాళ్లం, ఒకరికొకరు ఎదురొస్తూ. మధ్యలో వచ్చిన ఆదివారం మా ఆవిడ చర్చి నుంచి వచ్చి ఆ నడక చూసి, కాసేపు తలుపు దగ్గరే నిలబడిపోయింది. తర్వాత లోపలికి పోయింది.

పిస్టన్లు వచ్చాయి. మైనం పెట్టి మళ్లీ చూశాం. అప్పటికి సరిపోయింది. రింగులు వేసి, కొత్త బోల్టులు బిగించి, సాయానికి మా వర్క్‌షాపు వాళ్లను పిలిచి ఇంజను జీపులో దించాం. తాళం తిప్పిన రోజు అత్తమ్మ గడప దాటి రాలేదు. మొదటిసారి పట్టలేదు. రెండోసారి దగ్గి ఆగింది. మూడోసారి అందుకుంది. నేను బానెట్ మీద చెయ్యి పెట్టి విన్నాను. వెనుక సీలు దగ్గర కొంచెం నూనె కారుతోంది. అంతకు మించి ఏమీ లేదు.

డాక్టరు బండి నడపొచ్చన్నాడు కానీ వర్క్‌షాపు పనికి ఇప్పుడే వద్దన్నాడు. నన్ను సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. అక్కడ ఎవరైనా వచ్చి బోల్టు అడిగితే ఇవ్వాలి. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. దాని గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

అత్తమ్మ మాత్రం మాలో ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. చర్చిలో ఎవరో చెబితే విని, భద్రాచలం దారిలో ఒక చిన్న ఆడపిల్లల బోర్డింగ్‌లో వంటకు మనిషి కావాలంటే మాట్లాడుకుంది. మా ఆవిడకు కోపం వచ్చింది.

"ఈ వయసుల నీకేం కర్మ అమ్మా? నీకేం తక్కువ చేసినం?"

"మీరు తక్కువ చేసిండ్రని కాదు బిడ్డా," అంది అత్తమ్మ. "పోతే మంచిగుంటనని పోతున్న."

ఆమె నా వైపు చూసింది, నేనేమైనా అంటానేమోనని. "జీపుల దింపుత," అన్నాను. మా ఆవిడ నన్ను కూడా కాసేపు కోపంగా చూసింది. సాయంత్రానికి తనే తల్లి చీరలు సంచిలో సర్దింది.

అడవి దారి తడిగా ఉంది. టేకు ఆకుల మీది నుంచి నీళ్లు అద్దం మీద పడుతున్నాయి. దారిలో ఒక ఎత్తు వచ్చినప్పుడు నేను గేరు మార్చకుండా అలాగే ఎక్కించాను. ఆమె ముందు సీటులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "లోపల మంచిగ తిరుగుతుందా?" అని ఒకసారి అడిగింది. "తిరుగుతుంది," అన్నాను.

బోర్డింగ్ దగ్గర దిగగానే ఆమె సంచి నాకిచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. లోపల గిన్నెల చప్పుడు, పిల్లల నవ్వులు. నేను సంచి పట్టుకుని బయట నిలబడ్డాను. పోవాలా ఉండాలా తెలియలేదు. కాసేపటికి ఆమె స్టీలు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చింది. అప్పటికే కొంగు నడుముకు దోపుకుని ఉంది, ముంజేతికి పిండి అంటుకుంది.

"ఇంక ఎందుకు నిలవడ్డరు బాబు, మబ్బు పడుతుంది. పోండ్రి," అంది.

టీ తాగి బయలుదేరాను. అడవి సగం దాటాక ఎక్కడో సన్నగా టక్కుమన్నట్టు అనిపించింది. పక్కకు ఆపి, ఇంజను నడుస్తుండగానే బానెట్ ఎత్తి విన్నాను. ఏమీ లేదు. ఏదో కొమ్మ తగిలి ఉంటుంది. మళ్లీ ఎక్కి కొంచెం దూరం పోయాను. అయినా మనసు ఊరుకోలేదు, ఇంకోసారి దిగి చూశాను.